వృశ్చికరాశి: దాని తారలు, గుచ్ఛాలు, నీహారికలు

వృశ్చికరాశి దక్షిణ ఖగోళార్ధంలో పాలపుంత మీద పరచుకున్న తారామండలం. పడమట తులారాశి, తూర్పున ధనూరాశి, ఉత్తరాన సర్పధారి మండలం దీనికి ఎల్లలు. అంతర్జాతీయ ఖగోళ సంఘం గుర్తించిన 88 మండలాల్లో విస్తీర్ణాన్ని బట్టి ఇది 33వది. ఆకాశంలో దాదాపు 497 చదరపు డిగ్రీల మేర ఆక్రమిస్తుంది. మన పంచాంగంలోని అనూరాధ, జ్యేష్ఠ, మూల నక్షత్రాలు మూడూ ఈ మండలంలోని చుక్కలే. జ్యోతిషంలో మూల ధనూరాశి లెక్కలోకి వస్తుంది గాని, ఆకాశంలో చూస్తే అది తేలు కొండి.

పేరుకూ రూపానికీ పొంతన లేని మండలాలే ఆకాశంలో ఎక్కువ. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. పడమటి వైపున నిలువుగా ఒక వరసలో మూడు చుక్కలు తల. దానికి కాస్త ఎడమగా ఎర్రటి జ్యేష్ఠ, దానికి అటొకటి ఇటొకటి కాపలా ఉన్నట్టు సిగ్మా, టౌ తారలు. అక్కడి నుంచి దక్షిణానికి దిగే ఒళ్లు, తూర్పుకు తిరిగి మళ్లీ పైకి లేచే తోక, చివర పక్కపక్కనే రెండు చుక్కల కొండి. బాబిలోనియావారూ గ్రీకులూ కూడా దీన్ని తేలుగానే చూశారు. గ్రీకులు తులారాశిలోని చుక్కలను కూడా ఈ తేలు డెక్కలుగానే లెక్కించేవారు. పసిఫిక్ దీవులవారు మాత్రం దీన్ని మావి అనే వీరుడి గాలంగా చెప్పుకున్నారు. చేపలు పట్టి బతికేవారికి ఆ తోక వంపు గాలంలా తోచడం సహజమే.

ఎప్పుడు, ఎంత ఎత్తున

దూరాకాశ వస్తువులను, అంటే తారాగుచ్ఛాలు, నీహారికల వంటి వాటిని, చూడటం నేర్చుకోదలచిన తెలుగువారు మొదట ఈ రాశితోనే మొదలుపెట్టాలని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం. కారణం మన అక్షాంశం. జ్యేష్ఠ ఖగోళ మధ్యరేఖకు సుమారు 26 డిగ్రీల దక్షిణాన ఉంది. హైదరాబాదులో అది మధ్యాహ్నరేఖ దాటేటప్పుడు దిగంతానికి 46 డిగ్రీల ఎత్తున, తిరుపతిలో 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది. లండన్‌లో 12 డిగ్రీలే. తోక కింది భాగంలోని జీటా తార హైదరాబాదు, విశాఖపట్నాల్లో 30 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువారికి అదే తార ఏడు డిగ్రీలు దాటదు, లండన్‌లో అసలు ఉదయించదు. మెల్‌బోర్న్‌లో ఉన్నవారికి ఇంకో అనుభవం: అక్కడ జ్యేష్ఠ దాదాపు నడినెత్తికి వస్తుంది, తేలు మాత్రం తలకిందులు. ఉత్తర ఐరోపా ఆకాశాన్ని ముందుంచుకుని రాసిన పరిశీలన పుస్తకాలు ఈ రాశి దక్షిణార్ధాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తాయి. వాటిని పట్టుకుని చూడబోతే మనకు దక్కవలసినదాంట్లో సగం పోతుంది.

కాలం విషయంలోనూ జాగ్రత్త కావాలి. జూలై మధ్యలో రాత్రి తొమ్మిది వేళకు జ్యేష్ఠ నడిదక్షిణాన నిలుస్తుంది కాబట్టి వృశ్చికరాశిని ఆ నెలలో చూడమని చాలా పుస్తకాల్లో ఉంటుంది. మనకు అప్పుడు నైరుతి మబ్బులు. వానలు వెలిసిన రాత్రి దొరికితే గాలి కడిగినట్టు తేటగా ఉంటుందన్న మాట నిజమే, కానీ ఆ రాత్రి ఎప్పుడొస్తుందో చెప్పలేం. మన ప్రాంతానికి సరైన అదను మార్చి నుంచి మే వరకు. ఏప్రిల్ మూడోవారంలో జ్యేష్ఠ రాత్రి తొమ్మిదిన్నర లోపే తూర్పు ఆగ్నేయాన పొడుస్తుంది, తెల్లవారుజామున మూడు గంటలకు ముందే అత్యున్నత స్థానానికి చేరుతుంది. మే నెలాఖరుకు అదే అర్ధరాత్రికి జరుగుతుంది. ఎండాకాలం డాబా మీద పడుకునే అలవాటున్న ఇళ్లలో దీనికోసం ప్రత్యేకంగా ఏర్పాట్లు అక్కర్లేదు. చైత్ర, వైశాఖ అమావాస్యలకు అటూ ఇటూ ఉన్న రాత్రులు ఉత్తమం.

జ్యేష్ఠ మాసానికి ఆ పేరు రావడానికి కారణం ఆ నెల పున్నమినాడు చంద్రుడు జ్యేష్ఠ దగ్గర ఉండటం. రైతులు ఏరువాక సాగించే పున్నమి అదే. ఆ సాయంత్రం నిండు చందమామకు సమీపంలో ఎర్రచుక్కను గుర్తుపట్టవచ్చు గాని, వెన్నెలలో గుచ్ఛాలేవీ కనిపించవు. సూర్యుడు ఈ చుక్కల మీదుగా సాగే రోజులు అనూరాధ, జ్యేష్ఠ, మూల కార్తెలు. నవంబరు మూడోవారం నుంచి డిసెంబరు నెలాఖరు దాకా సాగే ఆ కార్తెల్లో ఏ చుక్క పేరు కార్తెకు ఉంటుందో ఆ చుక్కే సూర్యకాంతిలో మునిగి కనబడకుండా పోతుంది.

పరికరాల మాటకొస్తే, ఈ రాశికి 7×50 లేదా 10×50 బైనాక్యులర్ చాలా దూరం తీసుకెళ్తుంది. ఆరు లేదా ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉంటే దాదాపు అన్నీ అందుతాయి. అంతకంటే ముఖ్యం దక్షిణ దిక్కున ఊరి దీపాలు లేకపోవడం. ఊరికి దక్షిణపు అంచున నిలబడితే ఆ ఊరి వెలుగంతా వెనక ఉండిపోతుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఫోను తెర ఒక్కసారి వెలిగినా మళ్లీ మొదటికి వస్తుంది. మసక వస్తువును సూటిగా కాకుండా ఓరచూపుతో చూడాలి. కంటి మధ్యభాగం కంటే దాని చుట్టుపక్కల భాగానికి మసక వెలుతురును పట్టే శక్తి ఎక్కువ. ఈ ఓరచూపు అలవడినవారికి అదే టెలిస్కోపులో అంతకుముందు లేని వస్తువులు కనబడటం మొదలవుతుంది.

జ్యేష్ఠ

జ్యేష్ఠను పాశ్చాత్యులు అంటారిస్ అంటారు. రంగులోనూ వెలుగులోనూ కుజుడికి పోటీ వచ్చేది అని దాని అర్థం. కుజుడు దీని పక్కగా సాగే నెలల్లో రెంటినీ పోల్చి చూస్తే ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. ఇది సుమారు 550 కాంతి సంవత్సరాల దూరంలోని అరుణ మహాతార. వ్యాసం సూర్యుడి వ్యాసానికి దాదాపు 700 రెట్లు. దీన్ని తెచ్చి సూర్యుడి చోట ఉంచితే కుజుడి కక్ష్య కూడా దాని లోపలే ఉండిపోతుంది. చిలీలోని యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ టెలిస్కోపులను జతచేసి 2017లో శాస్త్రజ్ఞులు దీని ఉపరితలపు పటం తయారుచేశారు. సూర్యుడు కాని మరో తార ముఖాన్ని అంత వివరంగా చూపిన పటం అదివరకు లేదు. వెలుగు కూడా స్థిరం కాదు, సుమారు 0.6 నుంచి 1.6 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) మధ్య మెల్లగా హెచ్చుతగ్గులవుతుంది.

జ్యేష్ఠకు ఒక తోడుతార ఉంది. అయిదున్నర మాగ్నిట్యూడ్ ఉన్న ఆ నీలితార ప్రధాన తారకు మూడు ఆర్క్‌సెకన్ల కంటే దగ్గరగా ఉండి దాని వెలుగులో కొట్టుకుపోతుంది. 1819 ఏప్రిల్ 13న వియన్నాలో యోహాన్ టోబియాస్ బర్గ్ చంద్రుడు జ్యేష్ఠను కప్పి విడవడం చూస్తుండగా, ముందు ఒక మసక చుక్క తేలి, కొన్ని సెకన్ల తరవాత అసలు తార ఒక్కసారిగా మెరిసింది. తోడుతార పడమటి వైపున ఉండటంతో చంద్రబింబం వెనక నుంచి అదే ముందు బయటపడుతుంది. 1844 జూలైలో జేమ్స్ విలియం గ్రాంట్ భారతదేశం నుంచే ఈ జంటను టెలిస్కోపులో విడదీసి చూశాడు. ఇక్కడ జ్యేష్ఠ ఆకాశంలో బాగా ఎత్తుకు రావడం అతనికి కలిసొచ్చిన విషయం. ఇవాళ కూడా దీన్ని చూడదలచినవారు చంద్రుడు దాన్ని కప్పే సందర్భం కోసం ఎదురుచూడవచ్చు. 2023లో మొదలైన వరస 2028 వరకు సాగుతుంది, అయితే ఒక్కో సంఘటన భూమి మీద ఒక్కో ప్రాంతానికే కనిపిస్తుంది. లేదంటే గాలి నిలకడగా ఉన్న సాయంత్రం, మునిమాపు వెలుగు పూర్తిగా పోకముందే, ఆరంగుళాల పైబడిన టెలిస్కోపులో 200 రెట్లకు పెంచి చూడాలి. ఎరుపు పక్కన ఉన్నందువల్ల తోడుతార పచ్చగా భ్రమింపజేస్తుంది.

ఎం4, ఎం80

జ్యేష్ఠను బైనాక్యులర్‌లో మధ్యకు తెచ్చి కాస్త పడమటికి జరిపితే, డిగ్రీన్నర లోపే, చుక్క కాని చుక్క ఒకటి గుండ్రటి మసక మచ్చగా కనిపిస్తుంది. అదే ఎం4, దూరాకాశంలో ఇంతకంటే సులువుగా దొరికే గోళాకార తారాగుచ్ఛం లేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ద షెజో 1740ల మధ్యలో దీన్ని కనుగొన్నాడు. 1764లో షార్ల్ మెస్సియే తన పట్టికలో చేర్చాడు. ఆ పట్టికలోని గోళాకార గుచ్ఛాలన్నిటిలోనూ మెస్సియే తన చిన్న టెలిస్కోపుతో విడివిడి తారలుగా చూడగలిగింది ఇదొక్కటే. మనకు అత్యంత సమీపంలో ఉన్న గోళాకార గుచ్ఛాల్లో ఒకటి కావడమే అందుకు కారణం. దూరం ఆరువేల కాంతి సంవత్సరాలు. ఆరంగుళాల టెలిస్కోపులో దీని మధ్యగా ఉత్తర దక్షిణాలుగా పదకొండో మాగ్నిట్యూడ్ చుక్కల వరస ఒకటి, గీత గీసినట్టు, తేటగా కనబడుతుంది. మరే గోళాకార గుచ్ఛంలోనూ ఇంత స్పష్టమైన గీత చూడలేం. ముందు 40 రెట్లతో చూసి, గుచ్ఛం ఆకారం మనసుకు పట్టాక 100 రెట్లకు పెంచడం మంచిది.

ఎం4 వయసు పన్నెండు వందల కోట్ల సంవత్సరాల పైమాటే. హబుల్ టెలిస్కోపు ఇందులో చల్లబడుతున్న శ్వేతకుబ్జ తారలను గుర్తించి, వాటి చల్లదనాన్ని బట్టి గుచ్ఛం వయసును లెక్కగట్టడానికి దారి చూపింది. ఇక్కడే ఒక పల్సార్, దానికి తోడుగా ఒక శ్వేతకుబ్జం, ఆ రెంటి చుట్టూ తిరిగే ఒక గ్రహం ఉన్నాయి. గ్రహం గురుడికి సుమారు రెండున్నర రెట్ల బరువు. మనకు తెలిసిన గ్రహాల్లో అత్యంత ప్రాచీనమైన వాటిలో ఒకటి. చేతిలోని బైనాక్యులర్‌లో మసక మచ్చ చూస్తూ ఈ సంగతి తలచుకోవడం వేరు, పుస్తకంలో చదవడం వేరు.

జ్యేష్ఠకూ తల పైభాగంలోని బీటా తారకూ నడిమధ్యన ఎం80 ఉంది. ఇదీ గోళాకార గుచ్ఛమే అయినా అయిదింతలకు పైగా దూరం కావడంతో చిన్నగా, గట్టిగా, నడుమ బాగా వెలుగుతూ తోకలేని తోకచుక్కలా కనిపిస్తుంది. మెస్సియే 1781 జనవరిలో దీన్ని కనుగొన్నాడు. 1860 మే 21న జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆవర్స్ దీని నడుమ ఏడో మాగ్నిట్యూడ్ కొత్తచుక్క ఒకటి వెలగడం చూశాడు. గోళాకార గుచ్ఛంలో నమోదైన మొట్టమొదటి నోవా అది. కొన్నాళ్లు ఆ ఒక్క చుక్కే గుచ్ఛం మొత్తాన్నీ వెలుగులో మించిపోయి, నెల తిరక్కముందే అణగారింది. వారం ఆలస్యంగా ఇంగ్లండులో దాన్ని స్వయంగా గమనించినవాడు నార్మన్ పాగ్సన్. మాగ్నిట్యూడ్ ఒక అంకె పెరిగితే వెలుగు సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుందన్న ఇప్పటి లెక్కను 1856లో స్థిరపరచింది అతనే. ఆ నోవాను చూసిన మరుసటి ఏడాదే అతను మద్రాసు నక్షత్రశాల అధిపతిగా మన తీరానికి వచ్చాడు. ఈ వ్యాసంలో అతని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

ఎం80 తూర్పు పక్కన ఆకాశం వింతగా బోసిగా ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో విలియం హెర్షెల్ ఈ ఖాళీని గమనించి, ఆకాశానికి ఇక్కడ కన్నం పడిందనుకున్నాడు. తరవాత ఎడ్వర్డ్ బర్నార్డ్ తీసిన ఫోటోల వల్ల తేలిందేమిటంటే అది ఖాళీ కాదు, వెనకున్న తారలను కప్పేస్తున్న ధూళి మేఘం. జ్యేష్ఠకు ఉత్తరాన మూడు డిగ్రీల దూరంలో, సర్పధారి మండలపు సరిహద్దు లోపల ఉన్న రో తార చుట్టూ ఆ ధూళిలోనే కొత్త తారలు పుడుతున్నాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పని మొదలుపెట్టి ఏడాది నిండిన సందర్భంగా 2023 జూలై 12న విడుదల చేసిన చిత్రం ఈ చోటుదే. ఫోటోల్లో ఇక్కడ నీలం, పసుపు, ఎరుపు మేఘాలు విరబూస్తాయి. కంటికి ఏ రంగూ అందదు. అందేది ఒక్కటే: పాలపుంత వెలుగును చీల్చుకుంటూ జ్యేష్ఠ దాకా సాగిన నల్లటి చారలు. చీకటి బాగా ఉన్న చోట వాటిని చూడటం కూడా ఒక పరిశీలనే.

తల భాగం

తలలోని మూడు తారల్లో పైది బీటా. చిన్న టెలిస్కోపులో కూడా పద్నాలుగు ఆర్క్‌సెకన్లకు కాస్త తక్కువ ఎడంతో రెండుగా విడిపోతుంది. కొత్తగా టెలిస్కోపు కొన్నవారికి మొదట చూపదగిన జంట తార ఇదే. క్రాంతివృత్తానికి దగ్గరగా ఉండటంతో చంద్రుడూ గ్రహాలూ దీన్ని అప్పుడప్పుడు కప్పుతుంటాయి. 1971 మేలో గురుడు బీటాను కప్పినప్పుడు దాని వెలుగు తగ్గిన తీరును బట్టి గురుడి పై వాతావరణాన్ని కొలిచారు. అదే సమయంలో గురుడి ఉపగ్రహం అయో కూడా ఈ జంటలోని చిన్న తారను కప్పడంతో అయో వ్యాసం కచ్చితంగా తెలిసింది. బీటాకు తూర్పున ఉన్న న్యూ తార బైనాక్యులర్ గట్టిగా పట్టుకుంటేనే రెండవుతుంది. మంచి టెలిస్కోపులో ఆ రెండూ మళ్లీ రెండేసి అవుతాయి.

మధ్యనున్న డెల్టా తార 2000 సంవత్సరం దాకా ఏ విశేషమూ లేని 2.3 మాగ్నిట్యూడ్ చుక్క. ఆ ఏడాది అర్జెంటీనాకు చెందిన సెబాస్టియన్ ఒతెరో వట్టి కంటితోనే అది పెరిగినట్టు పసిగట్టాడు. తారే తన చుట్టూ వాయువును పళ్లెంలా విసరడం వల్ల కలిగిన మార్పు అది. ఒక దశలో 1.6 దాకా వెలిగి తల రూపాన్నే మార్చేసింది. బీటాతోనూ జ్యేష్ఠతోనూ పోల్చి దాని వెలుగు అంచనా కట్టడం ఏ పరికరమూ లేనివారు కూడా చేయగల పని.

తల భాగానికి హైదరాబాదుతో పాత బంధం ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల, ఆకాశమంతటినీ ఫోటోలుగా తీసి తారల స్థానాలు నమోదుచేసే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకుంది. దానికి అప్పగించిన భాగాల్లో దక్షిణ క్రాంతి (ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా ఉన్న కోణదూరం) 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ ఒకటి. బీటా, న్యూ, డెల్టా తారలూ ఎం80 గుచ్ఛమూ ఆ పట్టీలోకే వస్తాయి. బేగంపేటలోని ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌లో గాజు పలకలు పెట్టి తీసిన ఆ ఫోటోల నుంచి తారల స్థానాలు కొలిచి, సంపుటాలుగా అచ్చువేశారు. దశాబ్దాల కష్టం అది. నగరంలో దాన్ని గుర్తుచేసుకునేవారు ఇవాళ కరువయ్యారు.

రాశి ఉత్తరపు అంచున 18 స్కార్పియై అనే అయిదున్నర మాగ్నిట్యూడ్ తార ఉంది. సుమారు 46 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఇది ఉష్ణోగ్రతలో, వెలుగులో సూర్యుడికి చాలా దగ్గరి పోలిక. అంత దూరం నుంచి చూస్తే మన సూర్యుడు ఎలా కనిపిస్తాడో తెలుసుకోవాలంటే దీన్ని చూడవచ్చు.

తోక వంపు

జ్యేష్ఠ నుంచి టౌ, ఎప్సిలాన్ తారల మీదుగా దక్షిణానికి దిగితే మ్యూ జంట వస్తుంది. చూపు బాగున్నవారికి ఏ సాయమూ లేకుండానే రెండు చుక్కలుగా విడిగా కనిపిస్తుంది. ఇంకా కిందికి వస్తే తోక మలుపు తిరిగే చోట జీటా. అక్కడ పక్కపక్కనే రెండు తారలున్నాయి. ఒకటి నారింజ రంగుది, దూరం సుమారు 130 కాంతి సంవత్సరాలు. నీలంగా ఉన్న రెండోది వేల కాంతి సంవత్సరాల అవతలిది. అంత దూరం నుంచి కూడా 4.7 మాగ్నిట్యూడ్‌తో కనబడుతోందంటే అది ఎంత వెలుగు చిమ్ముతోందో ఊహించవచ్చు. పాలపుంతలో మనకు తెలిసిన అత్యంత కాంతిమంతమైన తారల్లో అదొకటి. బైనాక్యులర్‌లో ఈ రంగుల తేడా మొదటి చూపులోనే తెలుస్తుంది.

జీటాకు అర డిగ్రీ ఉత్తరాన ఎన్‌జీసీ 6231 అనే తారాగుచ్ఛం ఉంది. సిసిలీకి చెందిన హోడియెర్నా 1654కు ముందే దీన్ని నమోదు చేశాడు. మెస్సియే పారిస్ నుంచి చూసినవాడు, ఇంత దక్షిణాన ఉన్నది అతని పట్టికకు ఎక్కలేదు. పట్టికలో లేదు కాబట్టి ఉత్తరాది పరిశీలకుల నోట దీని పేరు వినబడదు. వృశ్చికరాశి మొత్తంలో ఒకే ఒక్క వస్తువును ఎంచుకోమంటే ఈ వ్యాసకర్త ఎంచుకునేది దీన్నే. కంటికి జీటా పైన చిన్న వెలుగు ముద్దగా, బైనాక్యులర్‌లో గుప్పెడు ముగ్గుపిండి ఒకేచోట జారిపడినట్టుగా కనిపిస్తుంది. టెలిస్కోపులో 50 రెట్లకు పెంచితే నీలితెల్లని చుక్కలు ఇరుకైన చోట కిక్కిరిసి ఉంటాయి. సుమారు అయిదువేల కాంతి సంవత్సరాల దూరంలోని ఈ తారల వయసు కొన్ని పదుల లక్షల ఏళ్లకు మించదు. గుచ్ఛం నుంచి ఈశాన్యంగా ట్రంప్లర్ 24 అనే విరళమైన తారల గుంపు పైకి విప్పారుతుంది. రెంటినీ కలిపి వట్టి కంటితో చూస్తే తలా తోకా ఉన్న తోకచుక్కే. ‘మిథ్యా తోకచుక్క’ అన్న పేరు అలా స్థిరపడింది. పల్లెల్లో మే నెల అర్ధరాత్రి ఇది కనబడకపోవడం అరుదు, ఊళ్లో కనబడటం అరుదు. ఆకాశం ఎంత చీకటిగా ఉందో తేల్చుకోవడానికి దీన్నే కొలతగా వాడుకోవచ్చు.

ఇక్కడికి పడమరగా ఎన్‌జీసీ 6124 కూడా బైనాక్యులర్‌కు బాగుంటుంది. కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి దక్షిణాకాశాన్ని పరిశీలించిన లకాయ్ 1750ల మొదట్లో కనుగొన్న గుచ్ఛమిది.

కొండి చుట్టూ

కొండిలోని లామ్డా, ఉప్సిలాన్ తారలే మూల నక్షత్రానికి ముఖ్యమైనవి. లామ్డా ఈ రాశిలో జ్యేష్ఠ తరవాత అంత వెలుగైన తార. దీనికి ఈశాన్యంగా ఎం7 తారాగుచ్ఛం వట్టి కంటికే వెలుగు మచ్చగా కనిపిస్తుంది. రెండో శతాబ్దంలో టాలమీ తేలు కొండి వెనక ఉన్న మబ్బులాంటి మచ్చ అని రాసుకున్నది దీన్నే. మెస్సియే పట్టికలో అన్నిటికంటే దక్షిణాన ఉన్నదీ ఇదే. దూరం సుమారు 980 కాంతి సంవత్సరాలు. నిండు చంద్రుడికి రెండింతలకు మించిన వెడల్పు ఉండటంతో టెలిస్కోపు చూపులో ఇమడదు, బైనాక్యులరే దీనికి సరైనది. వాయవ్యంగా నాలుగు డిగ్రీల లోపు ఎం6 ఉంటుంది. ఇది ఇంకా దూరంలోనిది, సుమారు 1,600 కాంతి సంవత్సరాలు. రెక్కలు విప్పిన సీతాకోకచిలుకను పోలి ఉంటుందని దానికి ఆ పేరే పెట్టారు. ఒక రెక్క అంచున నీలి చుక్కల మధ్య బీఎం అనే నారింజ తార ఒంటరిగా మెరుస్తుంది. కొన్నాళ్ల ఎడంతో చూస్తే దాని వెలుగు మారుతూ ఉంటుంది.

కొండికీ ఎం7కూ మధ్య జీ అనే నారింజ తారను టెలిస్కోపులో పట్టుకుంటే, దాన్ని ఆనుకునే ఎన్‌జీసీ 6441 గోళాకార గుచ్ఛం చిన్న గుండ్రటి మంచు మరకలా బయటపడుతుంది. తార మనకు పక్కింటిది, గుచ్ఛం పాలపుంత కేంద్రం దాపులది.

లామ్డాకు సూటిగా పడమరన నాలుగు డిగ్రీల దూరంలో ఎన్‌జీసీ 6302 ఉంది. రెండింటి క్రాంతీ దాదాపు ఒకటే కాబట్టి టెలిస్కోపును అడ్డంగా జరిపితే చాలు. ఒక తార చనిపోతూ తన పైపొరలను రెండు వైపులకూ చిమ్మడంతో ఏర్పడిన గ్రహనీహారిక ఇది. 2009లో హబుల్ విడుదల చేసిన చిత్రంతో లోకప్రసిద్ధమైంది. మధ్యనున్న తార ఉపరితలం రెండు లక్షల డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో కనిపించేది సాగిన చిన్న మసక గీత మాత్రమే. చిత్రం చూసి వచ్చినవారు నిరాశపడకుండా, ఆ గీత పడమటి కొస తూర్పు కొస కంటే పొడవుగా ఉందా లేదా అన్నది నిదానంగా పరీక్షించాలి. అలా ఒక ప్రశ్న పెట్టుకుని చూసినప్పుడే కంటికి పని చేతనవుతుంది. ఉత్తరంగా మరో రెండు పెద్ద నీహారికలున్నాయి, ఎన్‌జీసీ 6334, 6357. జాన్ హెర్షెల్ 1837లో కేప్ నుంచి కనుగొన్నవి. పిల్లి పాదం ముద్రలా కనిపించే మొదటిది ఫోటోగ్రాఫర్లకు ఇష్టమైనది. కంటితో చూడాలంటే నీహారిక ఫిల్టరూ, మంచి చీకటీ, ఓపికా కావాలి.

ఎక్స్ కిరణాలలో

1962 జూన్ 18న రికార్డో జక్కోనీ బృందం చంద్రుడి నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను వెతకడానికి ఒక రాకెట్‌ను పంపితే, చంద్రుడికి బదులు వృశ్చికరాశి దిక్కు నుంచి ఊహించనంత తీవ్రమైన కిరణాలు నమోదయ్యాయి. సౌరకుటుంబానికి బయట కనుగొన్న తొలి ఎక్స్ కిరణ మూలం అది, స్కార్పియస్ ఎక్స్-1. తోడుతార నుంచి పదార్థాన్ని గుంజుకుంటున్న న్యూట్రాన్ తార. రెండూ ఒకదాన్నొకటి 19 గంటల లోపే చుట్టివస్తాయి. ఈ పరిశోధన రంగానికి వేసిన పునాదికి 2002లో జక్కోనీకి నోబెల్ బహుమతి వచ్చింది. వాతావరణం ఎక్స్ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి పరికరాలను పైకి పంపక తప్పదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు 1968 ఏప్రిల్ 28న హైదరాబాదు నుంచి బెలూన్ ఎగరేసి ఇదే మూలాన్ని పరిశీలించారు. భారతదేశంలో ఎక్స్ కిరణ ఖగోళశాస్త్రానికి తొలి అడుగుల్లో అదొకటి. సరిగ్గా వృశ్చికరాశి అర్ధరాత్రి దాటాక ఎత్తుకొచ్చే నెల అది. కంటికి కనబడే కాంతిలో ఈ మూలం పన్నెండు, పదమూడు మాగ్నిట్యూడ్‌ల మధ్య చుక్క. పదంగుళాల టెలిస్కోపూ మంచి తారాపటమూ ఉన్న ఔత్సాహికులకు అందుతుంది.

పదేళ్లకోసారి పేలే తార

మద్రాసు చేరిన పాగ్సన్ 1863 మే 20న బీటా తారకు ఈశాన్యంగా ఒక కొత్తచుక్కను గుర్తించాడు. తక్కువ రోజుల్లోనే అది మాయమైపోయింది. ఇప్పుడు దాని పేరు యూ స్కార్పియై. ఒక శ్వేతకుబ్జం తన తోడుతార నుంచి హైడ్రోజన్‌ను పోగుచేసుకుని, అది తగినంత పేరుకోగానే పైపొర ఒక్కసారిగా పేలుతుంది. తార చెక్కుచెదరదు, మళ్లీ పోగు మొదలవుతుంది. మామూలు నోవాలకు ఈ చక్రం వేల సంవత్సరాలు పడితే దీనికి పదేళ్ల చిల్లర చాలు. 1979, 1987, 1999, 2010, 2022 పేలుళ్లు ఈ వరసలో ఇటీవలివి. 2010 పేలుడును ముందే అంచనా వేసి ప్రపంచమంతా కాపు కాస్తే, జనవరి 28న అది మొదలైనట్టు పసిగట్టింది ఫ్లోరిడాకు చెందిన ఇద్దరు ఔత్సాహికులు.

మామూలు రోజుల్లో యూ స్కార్పియై 18వ మాగ్నిట్యూడ్, ఇంటి టెలిస్కోపుకు అందదు. పేలినప్పుడు ఏడున్నరకు వచ్చి బైనాక్యులర్‌లో కనబడుతుంది. కానీ మూడు రోజుల్లోపే మూడు మాగ్నిట్యూడ్‌ల మేర పడిపోతుంది. ఈ వరస ఇలాగే సాగితే తరవాతి పేలుడు 2030ల తొలి సంవత్సరాల్లో రావాలి. మన రేఖాంశంలో చీకటి పడే వేళకు అమెరికాలో పగలు. కాబట్టి ఆ చోట కొత్తచుక్క ఉందో లేదో మార్చి నుంచి అక్టోబరు దాకా తెరిపి ఉన్న ప్రతి రాత్రీ ఇక్కడి నుంచి ఎవరో ఒకరు చూసి, చూసిన వేళతో సహా రాసిపెట్టడం అవసరం. బీటా తార తెలిసినవారెవరైనా దానికి సరిపోతారు.